మోరీలో కాళ్లు పెట్టి ఎంచుకున్న బేసు పెట్టె

మద్రాసులో సముద్రం ఉందంటారు. ఉండే ఉంటుంది. మేము పోయి వచ్చాం గానీ చూడలేదు. చూసొచ్చినవాళ్లు మీకు దాని గురించి ఇప్పటికే చాలా చెప్పి ఉంటారు కాబట్టి, నేను చూసిన మద్రాసు సంగతి చెప్తాను. అందులో అలలు లేవు. ఒక ఎండిపోయిన మోరీ ఉంది. మోరీ అంటే మా వైపు మురుగు కాలువ. మొహం చిట్లించకండి, మా కథంతా దాని గట్టు మీదే మలుపు తిరిగింది.

నాది హనుమకొండ చౌరస్తాలో మైకు సెట్ల దుకాణం. మా ఆర్కెస్ట్రాలో రెండు పాటల మధ్య మైకు పట్టుకుని జనాన్ని కూర్చోబెట్టే పని కూడా నాదే. అందువల్ల కొంచెం పెంచి చెప్పే అలవాటుంది. మా మల్లేశం బావ బేస్ గిటార్ వాయిస్తే వర్ధన్నపేట పెళ్లిలో ఒక పెద్దమనిషి కట్టుడు పళ్లు ఊడి విస్తట్లో పడ్డాయనీ, పడ్డాక కూడా అవి తాళం తప్పలేదనీ చాలా ఊళ్లలో చెప్పాను. అలాంటివి ఎదురైతే సగం తీసేసి చదువుకోండి. బావ గురించి మిగతావి మాత్రం తీసేయకండి.

కొత్తవాడ

బావ జంఖానాలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు, నేసే మనిషి. మా కనకక్క భర్త. వరంగల్ కొత్తవాడలో వాళ్ల ఇంట్లో పెద్ద గుంత మగ్గం ఉంది. వెడల్పు జంఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కాళ్లు గుంతలోకి వేలాడేసి తొక్కుడు కర్రలు తొక్కుతూ, చేత్తో పోగు దూర్చి, పంజాతో కొట్టాలి. పంజా అంటే పోగుల్ని కిందికి దిగ్గొట్టే ఇనుప దువ్వెన లాంటిది. ఆ మగ్గం మీద ఒక పక్క బావ, ఒక పక్క అక్క. సాయంత్రమైతే బావ మా ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్. పాట అడుగున నిలబడి మోసే సప్పుడు ఆయనదే.

ఒకసారి ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ వేడుకకు మా మైకు సెట్ వెళ్లింది. కెన్యా నుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థి ఒకతను క్యాసెట్ పెట్టాడు. ఆ పాటలో బేసు నదిలా పారడం లేదు. ఎగురుతుంది, ఆగుతుంది, మళ్లీ ఎగురుతుంది. దీన్ని ఫంక్ అంటారని అతను చెప్పాడు. బావ చెవి పెట్టి విని, "ఇండ్ల కొత్తేమున్నదిరా? మా మగ్గం పొద్దంత మొత్తుకునేది గిదే కదా" అన్నాడు. అప్పట్నుంచి మా డిస్కో పాటలకు బావ బేసు అట్లాగే నడిచింది. వరంగల్లో పెళ్లికూతుళ్లు కూడా పీటల మీద భుజాలు ఊపారంటే నమ్మండి. సరే, సగం తీసేయండి.

పోయినేడు బావకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చాక కాలు మెల్లగా దారికొచ్చింది గానీ, ఎడమ చేతి వేళ్లు రాలేదు. తీగ నొక్కే చెయ్యి లేకపోతే గిటార్ ఏం పలుకుతుంది? గిటార్ ఆగింది. పెద్ద మగ్గం ఆగింది. ఆఖరికి బావ మాట కూడా ఆగింది. అక్క ముందు గదిలో చిన్న మగ్గం పెట్టుకుని ఒక్కతే సన్న జంఖానాలు నేస్తూ ఇల్లు నడుపుతోంది.

మద్రాసులో సింథసైజర్ అనే, హార్మోనియం లాంటి మెట్లుండే కరెంటు పెట్టె మీద ఒంటి చేత్తో బేసు వాయిస్తున్నారని మా డ్రమ్ములాయన చెప్పాడు. ఆ తర్వాతి నెలలోనే తొర్రూరు పత్తి షావుకారు ఇంట్లో పెళ్లి ప్రోగ్రాం ఉంది. పోయి చూసి వద్దామని వారం రోజులు బతిమాలాను. బావ ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు.

"నా చేతికి వచ్చే పెట్టె దొరికితే సరే. దొరకకుంటే గిటార్ ఆడనే అమ్మేస్త. మల్ల ఎవ్వలు నన్ను ఆర్కెస్ట్రా అని పిలువద్దు. నువ్వు గూడ."

బయల్దేరేటప్పుడు అక్క గిటార్ను జంఖానాలో చుట్టి, సర్వపిండి మూట కట్టి ఇచ్చింది.

"తమ్ముడా, మీ బావను పైలంగ తీస్కపో. నీ కతలు మాత్రం ఇంట్లనే పెట్టి పో."

"కతలు లేకుంటే నాకు బండ్ల సీటెవడిస్తడక్కా?"

"మగ్గం గుంతల పిల్లి ఈనింది, సూసినవా? మీరొచ్చేటాళ్లకు మీ బావ ఆ గుంతల మల్ల కాళ్లు వెట్టేటట్టు ఉండాలె. లేకుంటే ఆ పిల్లితోని నువ్వే కాపురం చెయ్యాలె."

నవ్వుతూనే అంది. కానీ బావ రిక్షా ఎక్కుతుంటే ఆయన ఎడమ చెయ్యి తువ్వాలు కింద దాగిందా లేదా అని సర్ది చూసింది. అప్పట్లో బావ ఆ చేతిని ఎవరికీ చూపించేవాడు కాదు.

బెజవాడ మీదుగా

రైలు ఎక్కామో లేదో ఆ పొడుగాటి మూట ఏంటని అందరికీ ఒకటే ఆరాటం. ఎదురు సీటు రైతుకు అది కొత్త రకం నాగలి అని చెప్పాను. బెజవాడలో ఎక్కిన ముసలమ్మకు అది సరస్వతీదేవి వీణ అనీ, పక్కన కూర్చున్నాయన దాన్ని వాయిస్తే దీపాలు వెలుగుతాయనీ చెప్పాను. మా దగ్గర అయితే ఇట్లాంటి మాట విని నవ్వి ఊరుకుంటారు. కృష్ణ దాటాక మనుషులు ఆరా తీస్తారు. కాసేపటికి ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"వీణను నాగలి అంటాడేంటి నాయనా?" అంది ముసలమ్మ.

"నాగలిని వీణ అంటాడేంటమ్మా?" అన్నాడు రైతు.

"రెండూనండి" అన్నాను. "దున్నుతుంటే పాడుతుంది. ఎద్దులకు అలసట రాదు."

బావ నిట్టూర్చి మూట విప్పి గిటార్ చూపించాడు. ముసలమ్మ నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగింది. "ఏదీ, కాస్త వాయించు నాయనా" అంది.

"చెయ్యి పని చెయ్యదవ్వా" అన్నాడు బావ. ఏడాదిలో తెలియనివాళ్లకు ఆ మాట చెప్పడం అదే మొదలు.

ఆమె అయ్యో అనలేదు. తువ్వాలు కింద నుంచి ఆయన చెయ్యి తనే బయటికి తీసి, తన తాటాకు విసనకర్ర పిడిని వేళ్ల మధ్య ఇరికించింది. "వేళ్లు పనిచెయ్యకపోతే మానె. మణికట్టు ఉందిగా. ఉక్కపోసి చస్తున్నా, కాస్త విసురు."

పెద్దామె అడిగితే కాదనడం ఎట్లా? బావ విసిరాడు. వేళ్లు కదల్లేదు గానీ మణికట్టు మెల్లగా ఇటూ అటూ ఊగింది. ఒంగోలు దాకా ఊగింది. మేము సర్వపిండి పెట్టాం, ఆమె ఆవకాయ పెట్టింది. ఆ రెండూ కలిపి తింటే ఎట్లా ఉంటుందో తిన్నవాళ్లకే తెలుస్తుంది. మా కారం నాలుకను కొడితే, వాళ్ల కారం చెవుల్ని కొట్టింది. దిగేటప్పుడు విసనకర్ర తిరిగి తీసుకోలేదు. "ఉంచుకో, నీ చేతికి అలవాటైంది" అంది.

మౌంట్ రోడ్డు

మద్రాసు కాఫీ గొప్పదే. కానీ ఒక్క కాఫీ ఖరీదుతో మా చౌరస్తాలో ఇద్దరు చాయ్ తాగి ఉస్మానియా బిస్కట్టు కూడా తినొచ్చు. పైగా ఎత్తి పోసుకోవాలట, గ్లాసు పెదవికి తగలకూడదట. నేను ఎత్తి పోసుకుంటే సగం చొక్కా తాగింది.

మౌంట్ రోడ్డులో వాయిద్యాల దుకాణం పెళ్లిపందిరిలా ఉంది. ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. లోపలికి పోగానే, ఈయన బొంబాయిలో పేరుమోసిన బేసు విద్వాంసుడు, బరోడా రాజుగారు బంగారు గొలుసు వేశారు అని చెప్పేశాను. మర్యాద దొరుకుతుందని ఆశ. మర్యాద బాగానే దొరికింది. దుకాణదారు చేతులు జోడించి, మంచమంత పెట్టెను ఎత్తైన ఇనుప స్టాండు మీద పెట్టి, "రెండు చేతులూ పెట్టండి సార్" అన్నాడు.

బావ నన్నొక చూపు చూశాడు. ఎడమ చెయ్యి తువ్వాలు కిందే ఉంది. నిలబడి కుడి చేత్తో వాయించాడు. మెట్లు సరైనవే పడుతున్నాయి. అయినా అందులో ఊపిరి లేదు. లెక్కలు ఒప్పజెప్పినట్టుంది. దుకాణదారు ఒక్కో బొత్తాం నొక్కి వానచప్పుడు, పిల్లనగ్రోవి, రైలు కూత అన్నీ చూపించాడు. వేలు తీసేసినా ఆ పెట్టెలో స్వరం ఇంకా గాల్లో వేలాడుతూనే ఉంది.

బావ నా చెవిలో అన్నాడు: "వేలు తీస్తే ఆగాలె కదరా. ఇదేంది, పోతాన పోతాన అనుకుంట గుమ్మంల నిలవడి ముచ్చట పెట్టే సుట్టం లెక్క?"

ఇంకో రెండు దుకాణాలు తిరిగాం. అన్నిచోట్లా ఎత్తు స్టాండ్లే, అన్నిచోట్లా నిలబడి వాయించడమే, అన్నిచోట్లా నేను అదే కథ చెప్పడమే. మూడో చోట బావ పెట్టెను ముట్టుకోనేలేదు.

తిరువల్లిక్కేణి లాడ్జిలో మంచం మీద కూర్చుని, "పెట్టెలల్ల తప్పు లేదు బామ్మర్ది. నాకే వస్తలేదు. రేపు గిటార్ ఇచ్చేద్దాం" అన్నాడు. కోపంగా అని ఉంటే వాదించేవాణ్ని. మెత్తగా అన్నాడు.

కోడంబాకం

పాత వాయిద్యాలు కొని, బాగుచేసి, రికార్డింగులకు అద్దెకిచ్చే ఇల్లొకటి కోడంబాకం సందులో ఉందని లాడ్జి గుమాస్తా చెప్పాడు. ఆ ఇంటామె ఆదిలక్ష్మమ్మ. సొంతూరు నెల్లూరు. జడలో కనకాంబరాలు, చేతిలో సోల్డరింగ్ ఇనుము. ఇల్లంతా హార్మోనియాలు, వయొలిన్లు, తీగలు బయటపడ్డ పెట్టెలు. కూర్చుందామంటే ఉన్న ఒక్క కుర్చీ మీద తబలా జత కూర్చుని ఉంది.

నేను గొంతు సవరించుకుని, "బొంబాయిలో ఈయన..." అన్నాను.

"ఏందబ్బా?" అందామె. "తెల్లారిలేస్తే సినిమావాళ్లతో ఏగుతుండా. నాకు నువ్వు కతలు చెప్తుండావా?"

నేను నోరు మూసేలోపు బావ తువ్వాలు తీసేసి, ఎడమ చేతిని బల్ల మీద పెట్టాడు.

"చెయ్యి పడిపోయిందమ్మా. నేను కొత్తవాడల జంఖానాలు నేసేటోణ్ని. బేసు వాయించేది. ఒంటి చేతి పెట్టె ఏదన్న ఉంటదేమోనని వచ్చినం. ఏదీ వస్తలేదు. ఈ గిటార్ తీస్కుంటే పోతం."

ఆమె గిటార్ వైపు చూడలేదు. అలమర పైనుంచి ఒక చిన్న పెట్టె దించి దుమ్ము తుడిచింది. పీటంత ఉంటుంది. మెట్లు తక్కువ. "ఇది ఒకసారికి ఒక్క స్వరమే పలుకుద్ది. రెండు నొక్కినా ఒకటే. పాతదైపోయిందని ఇప్పుడెవురూ అడగడంలా. బేసుకు ఒక్కటి చాలదా ఏం?"

బావ వేలు పెట్టి తీశాడు. స్వరం ఠక్కున ఆగింది. మళ్లీ పెట్టి తీశాడు. ఆగింది. మొదటిసారి ఆయన మొహంలో ఏదో కదిలింది. అయినా బల్ల ముందు నిలబడి వాయిస్తే మళ్లీ నిన్నటి లెక్కలే. కాసేపు చూసి, "కాదమ్మా, నాతోని కాదు" అని చెప్పి బయటికి పోయాడు.

ఆ ఇంటి గుమ్మం వీధికన్నా ఎత్తులో ఉంది, కిందే ఎండాకాలానికి ఎండిపోయిన మోరీ. బావ గట్టు మీద కూర్చుని కాళ్లు అందులోకి వేలాడేశాడు. నేనూ పక్కన కూర్చున్నాను. వీధి చివర ఎవరో బట్టలు ఉతుకుతున్నారు, ఆ దెబ్బలు ఒక వరసన వినిపిస్తున్నాయి. అప్పుడు చూశాను. బావ కాళ్లు కదులుతున్నాయి. కుడిది కిందికి, ఎడమది పైకి. ఎడమది కిందికి, కుడిది పైకి.

"బావా, కాళ్లు!" అన్నాను.

"ఏంది, తేలు గిట్ల ఉన్నదా?"

"తేలు లేదు, ఏం లేదు. ఆపకు. అట్లనే ఉండు."

మా బావ స్టేజీ మీద ఏనాడూ నిలబడి వాయించలేదు. నా పెద్ద స్పీకర్ పెట్టె ఎక్కి కూర్చుని, కాళ్లు వేలాడేసి వాయించేవాడు. బద్ధకమని మేమంతా ఎక్కిరించేవాళ్లం. గుంత మగ్గం మనిషికి చెయ్యి కాలు వెనక నడుస్తుంది. చేతికి తగిన పెట్టె కోసం మద్రాసంతా తిరిగి, ఆ కాళ్లను మాత్రం ప్రతి దుకాణంలోనూ నేలకు కట్టేశాం.

లోపలికి పరుగెత్తి చెప్పాను. ఆదిలక్ష్మమ్మ ఎందుకని కూడా అడగలేదు. కిటికీలోంచి వైరు లాగి, స్పీకర్ను గుమ్మంలోకి జరిపి, పెట్టెను తెచ్చి బావ ఒళ్లో పెట్టింది. జారకుండా గిటార్ పట్టీ విప్పి నడుముకు కట్టాను. ఆ పట్టీ బావ స్వయంగా జంఖానా నూలుతో నేసుకున్నదే.

కాళ్లు ఒకసారి ఊగాయి. రెండోసారి ఊగాయి. అప్పుడు వేలు పడింది.

ఇప్పుడు సగం తీసేయకండి. గుమ్మం గడప అదిరింది. మల్లెపూలమ్మే ఆమె గంప దించి నిలబడింది. రిక్షాతొక్కే ఆయన బ్రేకు వేసి తల ఊపడం మొదలుపెట్టాడు. ఎగరడం, ఆగడం, మళ్లీ ఎగరడం. ఏడాదిగా లేని బేసు మోరీ గట్టు మీద లేచి కూర్చుంది.

"బాగుండాది" అంది ఆదిలక్ష్మమ్మ. "మధ్య మధ్యలో అంత ఖాళీ ఎందుకు ఇడుస్తుండావు? ఇంకో స్వరం పడుద్దే ఆడ."

"ఆడ నాది కాదమ్మా" అన్నాడు బావ వాయిస్తూనే. "ఆడ ఇంకోలు కొడ్తరు."

డ్రమ్ముల గురించి అంటున్నాడనుకున్నాను.

పెట్టెకు ఎడమ పక్క వేలెడంత చక్రం ఉంది. అదేమిటని అడిగాడు. స్వరాన్ని పైకీ కిందికీ జార్చేదని, మామూలుగా ఎడమ చేత్తో తిప్పుతారని చెప్పి ఆమె ఠక్కున ఆగిపోయింది. అనకూడని మాట అన్నానేమో అన్నట్టు నా వైపు చూసింది. బావ కుడి చేత్తో తన ఎడమ చేతిని ఎత్తి ఆ చక్రం మీద ఆనించాడు. మెట్టు నొక్కి పట్టుకుని, రైల్లో ముసలమ్మకు విసిరినట్టు మణికట్టు ఊపాడు. స్వరం మెల్లగా కిందికి జారి, మళ్లీ పైకొచ్చి నిలబడింది.

ఇంకోసారి ఊపాడు. ఇంకోసారి జారింది.

"ఒస్తాందిరా" అన్నాడు. అంతే అన్నాడు. పెట్టె గురించి కాదు, చెయ్యి గురించి.

ఆదిలక్ష్మమ్మ సోల్డరింగ్ ఇనుము కోసం వెతుకుతున్నట్టు లోపలికి పోయింది. అది ఆమె చేతిలోనే ఉంది.

గిటార్ ఆమెకిచ్చి, దానికి బదులు పెట్టె తీసుకున్నాం. ఎండకు దీని స్వరం జారుతుందనీ, వాయించే ముందు పొయ్యి వేడెక్కనిచ్చినట్టు కాసేపు ఊరికే వెలిగించి ఉంచాలనీ ఆమె చెప్పింది. మాగాయ నంజుకుని పెరుగన్నం తిన్నాకే వదిలింది. బావ గిటార్ తీగల మీద ఒకసారి అరచెయ్యి ఆనించి లేచాడు. పట్టీ మాత్రం వెంట తెచ్చుకున్నాడు. సముద్రం మా లాడ్జికి దగ్గరేనని ఎవరో అన్నారు. బావకు ఇంటికి పోవాలని తొందర.

తిరుగు బండి

తిరుగు ప్రయాణంలో నాకు మాట్లాడే సందు దొరకలేదు. ఏడాది మాటలన్నీ బావ ఒకేసారి దించుకున్నాడు. నెల్లూరు నేల రంగు, ఒంగోలు ఎద్దుల కొమ్ములు, నా గురక, దేన్నీ వదల్లేదు. ఒకాయన మూట చూసి ఏమిటని అడిగితే నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

"జర మెల్లగ మాట్లాడుండ్రి. పులి పిల్ల పన్నది."

ఆయన కాళ్లు పైకి ముడుచుకున్నాడు. ఖమ్మం దాకా దించలేదు.

మళ్లీ కొత్తవాడ

అక్క చిన్న మగ్గం మీద ఉంది. మమ్మల్ని చూసి, "మోగుతదా?" అని మాత్రం అడిగింది.

బావ నేరుగా లోపలి గదికి పోయాడు. పెద్ద మగ్గం మీద పోయినేడు సగంలో ఆగిన జంఖానా, ఎర్ర చారలు నీలి చారలు, అట్లాగే ఉంది. గుంతలో పిల్లి తన పిల్లలతో పడుకుని ఉంది. బావ వాటికి తగలకుండా కాళ్లు దించి మగ్గంలో తన వైపు కూర్చున్నాడు. పెట్టె ఒళ్లో పెట్టి పట్టీ కట్టాను. నా స్పీకర్ తగిలించాను. వేడెక్కే దాకా ఆగాం. ఆ కాసేపు చాలా పొడుగ్గా గడిచింది.

కాళ్లు ఊగాయి. వేలు పడింది.

అక్క చేతిలో పోగు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చాలాసేపు నిలబడే ఉంది. బావ ఎగురుతున్నాడు, ఆగుతున్నాడు. ఎగురుతున్నాడు, ఆగుతున్నాడు. అక్క కొంగు నడుముకు దోపింది. గుంత దగ్గర వంగి, పిల్లి పిల్లల్ని ఒక్కొక్కటిగా ఎత్తి గంపలో పెడుతూ, "ఇగ లేవుండ్రి బిడ్డా, ఇల్లుగలోళ్లు వచ్చిండ్రు" అంది. తర్వాత మగ్గంలో తన వైపు తను కూర్చుంది. తొక్కుడు కర్రల మీద పాదాలు పెట్టింది. పంజా అందుకుంది.

బావ ఆగిన చోట అక్క కొట్టింది.

మళ్లీ ఆగిన చోట మళ్లీ కొట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇన్నేళ్లు స్టేజీల మీద బావ వదిలేసిన ఆ ఖాళీలు ఎవరివో మా డ్రమ్ములాయనకు తెలియదు. వాళ్ల పక్కనే పెరిగిన నాకూ ఆ రోజు దాకా తెలియదు.

తొర్రూరు

షావుకారు ఇంటి ముందు స్టేజీలో రెండు పలకలు తీయించి కింద గుంత తవ్వించాను. పెళ్లింటివాళ్లు శకునం బాగాలేదని గొణిగారు. బావ కాళ్లు దించి కూర్చున్నాడు. పక్కన మా అక్క, పట్టుచీరలో, ముందు నూలు బిగించిన చిన్న చట్రం, చేతిలో పంజా, దాని ముందు నా దుకాణంలో ఉన్నవాటన్నిటిలోకీ మంచి మైకు.

జనం నిండారు. బావ వేలు పడింది. ఇట్లాంటి సందు దొరికితే నేను వదులుతానా? మైకు అందుకుని, "అయ్యలారా, అమ్మలారా, ఈ పెట్టె ఎక్కడిదనుకున్నారు? మద్రాసు సముద్రం అడుగున ఒక తిమింగలం..." అని మొదలుపెట్టాను.

అక్క తలెత్తి చూసింది.

"తమ్ముడా, జర ఊకో. మీ బావ ఆపిండు. ఇప్పుడు నా వంతు."